పనికి ముందు డబ్బు ఎవరు ఎవరికి ఇవ్వాలి?



ఈ పాఠం ఫోను గురించి. ఫోనులో వచ్చే పని గురించి. నిదానంగా చదవండి. లెక్కలు వచ్చిన చోట పలక గాని, కాగితం గాని పక్కన పెట్టుకోండి.

పుంగనూరులో మా చదువు కేంద్రం ఒక ఇంటి వసారాలో జరుగుతుంది. చింతపండు కాలం వచ్చిందంటే ఆ వసారా నిండా గింజలే. ఒక పక్క చింతపండు కొట్టి గింజ తీస్తా ఉంటారు. ఇంకో పక్క పుస్తకం తెరిచి ఉంటుంది. చేతులు పులుసు పులుసుగా ఉంటాయి. పుస్తకం అట్టలకు కూడా ఆ పులుపు అంటుకొని ఉంటుంది.

ఒక రోజు సాయంత్రం ఒక అక్క నా దగ్గరికి వచ్చింది. పేరు రాయొద్దు అంది. అందుకని అక్క అనే రాస్తాను. చేతిలో ఫోను పట్టుకొని, "టీచరమ్మా, ఇది చూడు. నేనే చదివినా" అంది.

ఫోనులో ఇట్లా ఉంది:

"ఇంటి దగ్గరే పని. పెన్సిళ్ల ప్యాకింగ్. నెలకు 30,000 రూపాయలు. ఆడవాళ్లకు మంచి అవకాశం. చదువు అవసరం లేదు. రిజిస్ట్రేషన్ 620 రూపాయలు మాత్రమే. ఈ రోజే ఆఖరు."

నాకు మొదట సంతోషం వేసింది. ఎందుకంటే ఆ అక్క రెండేళ్ల కింద బస్సు బోర్డు కూడా చదవలేదు. మదనపల్లె బస్సు ఏదో, పలమనేరు బస్సు ఏదో పక్కవాళ్లను అడిగేది. ఇప్పుడు ఇంత పెద్ద మెసేజి ఒక్కతే చదివింది.

తరువాత అడిగాను. "డబ్బు కట్టినావా అక్కా?"

"కట్టినా."

"ఎంత?"

అక్క పలక తీసుకొని ఒక దాని కింద ఒకటి రాసింది.

రిజిస్ట్రేషన్ 620
గుర్తింపు కార్డు 1,250
సరుకు వచ్చే లారీ బాడుగ 2,150
పన్ను 3,850

మీరు కూడా రాయండి. కూడండి. ఎంత వచ్చింది?

7,870 రూపాయలు వచ్చి ఉండాలి. మా దగ్గర ఆ రోజుల్లో కూలి 350 రూపాయలు. అంటే ఇరవై రెండు రోజుల కూలి, పైన ఇంకో 170 రూపాయలు. పెన్సిళ్లు మాత్రం రాలేదు. ఇంకో 5,500 కడితే లారీ బయలుదేరుతుంది అన్నారు. అక్కడ అక్కకు అనుమానం వచ్చింది.

"ఏం మే, 620 అన్నప్పుడే అనుమానం రాలేదా?" అని పక్కన గింజలు తీస్తా ఉన్న పెద్దమ్మ అడిగింది.

"అచ్చులో ఉండాది కదా పెద్దమ్మా. బొమ్మ ఉండాది. ముద్ర ఉండాది. ఆధారు మాదిరి కార్డు కూడా పంపించినారు" అంది అక్క.

ఈ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. చదువు రానప్పుడు మనం మనిషిని చూసి నమ్ముతాం. చదువు వచ్చిన కొత్తలో అక్షరాన్ని చూసి నమ్ముతాం. అచ్చులో ఉంటే నిజమే అనుకుంటాం. చదువు చెప్పే మేము ఒక సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. అబద్ధాన్ని కూడా ఇవే అక్షరాలతో రాస్తారు. ఆ సంగతి చెప్పకపోవడం మా తప్పే.

పెన్సిలు లెక్క

ఈ పెన్సిళ్ల ప్యాకింగ్ మోసం మన ఊరిది ఒక్కటే కాదు. దేశమంతా తిరిగింది. నటరాజ్ పెన్సిళ్ల పేరు, బొమ్మ పెట్టి ఎందరినో ముంచారు. ఆ పెన్సిళ్లు చేసేది హిందుస్థాన్ పెన్సిల్స్ అనే కంపెనీ. ఇంటి దగ్గర ప్యాకింగ్ పని తాము ఎవరికీ ఇవ్వడం లేదని ఆ కంపెనీయే చెప్పింది. పేరు వాళ్లది, మోసం ఇంకొకరిది.

ఆ కంపెనీ చెప్పకపోయినా మనకు తెలిసే దారి ఒకటి ఉంది. లెక్క వేద్దాం.

పెన్సిలు ఒకటి 5 రూపాయలు అనుకుందాం. పెట్టెలో పది ఉంటాయి. పెట్టె 50 రూపాయలు. మీరు రోజుకు 100 పెట్టెలు సర్దారు అనుకుందాం. నెలకు 3,000 పెట్టెలు. జీతం 30,000. ఒక పెట్టెకు ఎంత పడింది?

పది రూపాయలు.

పది పెన్సిళ్లు పెట్టెలో సర్దినందుకే పది రూపాయలు ఇస్తే, మిగిలేది 40 రూపాయలు. అందులో కర్ర కొనాలి. లోపలి నల్లపుల్ల చేయాలి. రంగు వేయాలి. మిషను నడపాలి. అక్కడి నుంచి పుంగనూరు దాకా లారీలో పంపాలి. సర్దిన తరువాత మళ్లీ వెనక్కి తీసుకుపోవాలి. అంగడి ఆయనకు లాభం మిగలాలి. ఏ యజమాని అయినా ఈ బేరం చేస్తాడా? ఫ్యాక్టరీలో మిషను పక్కనే కూర్చోబెట్టి సర్దించుకుంటాడు గాని!

ఈ లెక్క నేను చెప్పలేదు. గింజలు తీస్తా ఉన్న పెద్దమ్మ చెప్పింది. ఆమె నలభై ఏళ్లుగా చింతపండు కొడుతోంది. కిలోకు ఎంత కూలి గిట్టుతుందో, సావుకారికి ఎంత మిగులుతుందో ఆమెకు నోటి మీదే లెక్క.

పెద్దమ్మ ఇంకో మాట కూడా అంది. "సావుకారి నాకు చింతపండు తూకం వేసి ఇస్తాడు. కొట్టినాక తూకం వేసి తీసుకుంటాడు. కూలి ఇస్తాడు. నలభై ఏండ్లలో ఒక్క నాడైనా 'నువ్వు ముందు డబ్బు కట్టు, తరవాత చింతపండు ఇస్తా' అన్న పాపాన పోలేదు."

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లెకు పోయి చూడండి. పట్టు చీరలు నేసేవాళ్లు ఉంటారు. యజమాని పట్టు ఇస్తాడు, పడుగు ఇస్తాడు. అడ్వాన్సు కూడా ఆయనే ఇస్తాడు. ఆ అడ్వాన్సు వల్ల నేతగాళ్లు కట్టుబడిపోయే బాధ వేరే ఉంది. దాని గురించి ఇంకో పాఠంలో మాట్లాడుకుందాం. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది? పని ఇచ్చే చేతి నుంచి పని చేసే చేతికి పోతోంది. టమోటా మార్కెట్లో గంప మోసినా అంతే. కాయ ఏరినా అంతే.

ఫోనులో వచ్చే పనిలో డబ్బు ఎదురు నడుస్తుంది. పేర్లు మారుస్తారు. ఒకడు రిజిస్ట్రేషన్ అంటాడు. ఒకడు ట్రైనింగ్ అంటాడు. ఒకడు డిపాజిట్టు, తిరిగి ఇచ్చేస్తాం అంటాడు. యూనిఫాం అంటాడు, గేటు పాసు అంటాడు. పేరు ఏదైనా మన డబ్బు ముందు పోతోంది.

ముందు వాళ్లే ఇస్తే?

"టీచరమ్మా, వాళ్లే ముందు నాకు డబ్బు పంపితే? అప్పుడు నమ్మొచ్చా?" అని ఒక చెల్లెలు అడిగింది. చాలా మంచి ప్రశ్న. ఇది కొత్త రకం మోసం. కొంచెం ఎక్కువ సేపు చూద్దాం.

వాట్సాప్‌లో మెసేజి వస్తుంది. వీడియో చూసి లైకు కొట్టండి, ఒక్కో లైకుకు 50 రూపాయలు అంటారు. లేకపోతే హోటలుకు, అంగడికి ఐదు చుక్కలు వేయండి అంటారు. మీరు మూడు కొడతారు. నిజంగానే 150 రూపాయలు ఖాతాలో పడతాయి. తరువాత టెలిగ్రాం అనే ఇంకో దానిలోకి రమ్మంటారు. అక్కడ గుంపు ఉంటుంది. "నాకు 9 వేలు వచ్చింది", "నాకు 20 వేలు వచ్చింది" అని ఒకరి మీద ఒకరు రాస్తా ఉంటారు. ఆ రాసేవాళ్లంతా వాళ్ల మనుషులే. మీరు ఒక్కరే బయటివారు.

లెక్క కోసం ఒక ఉదాహరణ చెబుతాను. పలక తీసుకోండి.

1,000 కట్టమన్నారు. 1,300 తిరిగి వచ్చింది. నమ్మకం కుదిరింది. 3,000 కట్టారు. 3,900 వచ్చింది. పొదుపు సంఘంలో అప్పు తీసి 10,000 కట్టారు. ఈ సారి డబ్బు రాలేదు. "మీరు పని తప్పుగా చేశారు. సరిచేయాలంటే 25,000 కట్టాలి. అప్పుడు మొత్తం ఒక్కసారే వస్తుంది" అన్నారు. తాళి తాకట్టు పెట్టి కట్టారు.

పోయింది: 1,000 + 3,000 + 10,000 + 25,000 = 39,000.
వచ్చింది: 150 + 1,300 + 3,900 = 5,350.
నష్టం ఎంత? మీరే తీసివేయండి.

33,650 రూపాయలు. ఆ మొదటి 150 రూపాయలు గాలానికి గుచ్చిన ఎర. చేపకు ఎర పెట్టేవాడు చేప మీద ప్రేమతో పెట్టడు కదా.

ఇంకో సంగతి. ఫోను తెర మీద "మీ ఖాతాలో 68,000 ఉన్నాయి" అని కనబడుతుంది. అది మన బ్యాంకు ఖాతా కాదు. వాళ్లు తయారు చేసుకున్న బొమ్మ. తెర మీద వాళ్లు ఎన్ని సున్నాలైనా రాసుకోవచ్చు. బ్యాంకులో పడిందా, చేతికి వచ్చిందా, అదే లెక్క.

ఇది చదువు లేనివాళ్లకు జరిగే మోసం అనుకోకండి. 2023 జులైలో హైదరాబాదు పోలీసులు ఇట్లాంటి ముఠా ఒకదాన్ని పట్టుకున్నారు. తొమ్మిది మందిని అరెస్టు చేశారు. ఒకాయన 28 లక్షలు పోగొట్టుకొని ఫిర్యాదు చేస్తే తీగ లాగినట్లు అంతా బయటికి వచ్చింది. దేశంలో సుమారు 15,000 మంది దగ్గర 700 కోట్లకు పైగా లాగారని పోలీసులు చెప్పారు. ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ దుబాయికి, చైనాకు పోయింది. మోసపోయినవాళ్లలో పెద్ద చదువులు చదివినవాళ్లు, మంచి ఉద్యోగాలు చేసేవాళ్లు ఉన్నారు. అదే సంవత్సరం డిసెంబరులో ఇట్లాంటి పనుల పేరు చెప్పి ముంచే వెబ్‌సైట్లను వందకు పైగా కేంద్ర ప్రభుత్వం మూయించింది. మూసినా కొత్తవి పుట్టుకొస్తూనే ఉన్నాయి.

పాసు పుస్తకం అద్దెకు ఇవ్వకండి

ఇందాక డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దూకింది అన్నాను. ఆ ఖాతాలు ఎవరివి? కొన్ని దొంగ కంపెనీలవి. కొన్ని మనలాంటి వాళ్లవి.

"నీ పాసు పుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ము ఇయ్యి. నెలకు 3 వేలు ఇస్తాం. నువ్వు ఏ పనీ చేయనక్కర్లేదు" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఇది కూడా పని పేరుతోనే వస్తుంది. ఊళ్లో తెలిసిన పిల్లోడే వచ్చి అడగవచ్చు. ఇచ్చారంటే ఎక్కడో ఎవరినో ముంచిన డబ్బు మీ ఖాతాలో పడుతుంది. గంటలో మాయమైపోతుంది. కాని పేరు మీది, ఆధారు మీది, వేలిముద్ర మీది. పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. ఖాతా ఆగిపోతుంది. పింఛను ఆ ఖాతాలోనే పడుతుంటే అదీ తీసుకోలేరు. కేసు కూడా అవుతుంది. నాకు తెలియదు సారూ అంటే చాలదు.

పిన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫోన్‌పే గాని, గూగుల్‌పే గాని, డబ్బు మనకు రావడానికి పిన్ను కొట్టనక్కర్లేదు. నల్లగళ్ల బొమ్మను స్కాన్ చేయనక్కర్లేదు. పిన్ను కొట్టామంటే డబ్బు మన దగ్గర నుంచి పోతోందని అర్థం. "జీతం పంపుతున్నాం, పిన్ను కొట్టండి" అన్నవాడు దొంగ. ఓటీపీ అడిగినవాడూ దొంగే.

నా సంగతి

మీకు చెప్పేటప్పుడు నా సంగతి దాచుకోవడం బాగుండదు.

నేను టీచరు ట్రైనింగ్ పూర్తి చేసి ఇంట్లో ఉన్న రోజులు. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ప్రైవేటు బడిలో పోస్టు ఉందని ఫోనులో చూశాను. ఇంటర్వ్యూకు పేరు రాయించుకోవడానికి 1,500 అన్నారు. కట్టాను. ఇంటర్వ్యూ అన్న రోజున ఆ అడ్రసుకు పోతే అక్కడ టైర్ల అంగడి ఉంది. ఎండలో కాసేపు నిలబడి బస్సెక్కి వచ్చేశాను.

నాలుగు నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పోలీసులకు చెప్పలేదు. చదువుకున్న దాన్ని, నేనే మోసపోయానంటే నవ్వుతారని భయం. ఆ 1,500 కన్నా ఆ నాలుగు నెలలు నోరు మూసుకోవడమే పెద్ద తప్పు అని ఇప్పుడు అనిపిస్తుంది. నా తరువాత అదే నంబరుకు ఇంకెంతమంది కట్టారో!

అందుకే పుంగనూరు అక్క పదిమందిలో పలక మీద లెక్క రాసినప్పుడు నాకు ఆమె మీద గౌరవం పెరిగింది.

కుప్పం రైల్లో తేలిన నిజం

కుప్పం సంగతి వేరు. తెల్లవారుజామున కుప్పం స్టేషనుకు పోతే తెలుస్తుంది. చేతిలో టిఫిను క్యారియరు, భుజానికి సంచి. బెంగుళూరు పనికి పోయే జనం. ఆడవాళ్లు కూడా చాలామంది. అక్కడ పని వార్త ఒకరి నోటి నుంచి ఒకరికి పోతుంది. ఇప్పుడు ఫోను నుంచి ఫోనుకు పోతోంది.

ఒక తల్లి కూతురు ఇంటరు చదివింది. "బెంగుళూరు విమానాశ్రయంలో ఉద్యోగం. జీతం 28,000. మీకు ఉద్యోగం వచ్చేసింది" అని కాగితం వచ్చింది. మూడు సింహాల బొమ్మ ఉంది. కింద సంతకం, ముద్ర. యూనిఫాంకు 2,500 పంపమన్నారు. కూతురు గంతులు వేసింది. తల్లి డబ్బు కూడా సర్దింది.

కాని ఆ తల్లి ఒక పని చేసింది. మరునాడు రైల్లో ఆ మాట పదిమందిలో అంది. అక్కడ కూర్చున్న ఒకామె అన్న కొడుకు ఆ విమానాశ్రయంలోనే సామాన్లు ఎత్తే పని చేస్తాడు. అక్కడే ఫోను చేసి అడిగారు. "అత్తా, మా కాడ ఎవురూ డబ్బు కట్టలేదు. నన్ను పిలిచి మాట్లాడినారు, కాగితాలు చూసినారు, పనిలో పెట్టుకున్నారు. ఇంటర్వ్యూ లేకుండా ఉద్యోగం యాడిస్తారు?" అన్నాడు.

2,500 మిగిలింది. ఆ తల్లికి చదవడం ఇంకా కూడబలుక్కోవాల్సిందే. అయినా అడగడం తెలుసు. విమాన కంపెనీలు, విమానాశ్రయాలవాళ్లు ఉద్యోగానికి డబ్బు తీసుకోం అని ఎన్నోసార్లు ప్రకటించారు. ఆ ప్రకటనలు కుప్పం దాకా రాలేదు. రైల్లో మాట వచ్చింది.

అంగన్‌వాడీ ఉద్యోగాల పేరుతో కూడా ఇట్లాంటివి తిరుగుతాయి. అంగన్‌వాడీ పోస్టుకు ఆ ఊరి కోడలో, ఆ ఊళ్లోనే ఉండే పెళ్లయిన ఆడమనిషో కావాలి. ప్రకటన ఐసీడీఎస్ ఆఫీసు నుంచి వస్తుంది. ఎక్కడో ఉన్నవాడు ఫోనులో డబ్బు తీసుకొని వేయించే పోస్టు కాదు అది. "పెద్దాయన మనకు తెలుసు, అవుట్‌సోర్సింగ్‌లో పెట్టిస్తాడు, రెండు లక్షలు" అనేవాళ్లు ఫోనులోనే కాదు, మన వీధిలోనూ ఉంటారు.

పని వెతుక్కోవడమే తప్పు అని నేను అనడం లేదు. ఫోనులో నిజమైన పనులు కూడా వస్తాయి. కేంద్ర ప్రభుత్వం ఎన్‌సీఎస్ అనే వెబ్‌సైటు 2015లో పెట్టింది. అక్కడ పేరు నమోదుకు పైసా అక్కర్లేదు. ఆ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే వాళ్లు ఆ వెబ్‌సైటు వాళ్లు కారు.

దూరదేశం పని

మన ప్రాంతం నుంచి, కడప వైపు నుంచి కువైట్‌కు పోయే ఆడవాళ్లు ఎంతోమంది. పిల్లల చదువులకు, ఇల్లు కట్టడానికి, అప్పు తీర్చడానికి పోతారు. కొందరు బాగుపడ్డారు. కొందరు ఏడ్చి వచ్చారు. ముందు ఏజెంటు ఇంటికి వచ్చేవాడు. ఇప్పుడు ఫోనులోనే వీసా బొమ్మ పంపిస్తున్నాడు.

ఇక్కడ చట్టం గట్టిగా ఉంది. 1983 నుంచి వలసల చట్టం ఉంది. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అని అచ్చు వేస్తారు. మీ పాస్‌పోర్టు తీసి ఆ మూడు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. అవి ఉన్న ఆడవాళ్లు కువైట్, సౌదీ, ఒమాన్, దుబాయి లాంటి చోట్లకు ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి. వాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు. ప్రభుత్వ సంస్థ ద్వారా పోవాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ పేరు ఓంక్యాప్.

"నీకు 26 ఏండ్లే కదా, పరవాలేదు, విజిట్ వీసా మీద పంపిస్తా" అని ఏజెంటు అంటాడు. విజిట్ వీసా అంటే చుట్టపుచూపుగా పోయే కాగితం. దాని మీద పని చేస్తే అక్కడి చట్టం ముందు మనమే తప్పు చేసినవాళ్లం అవుతాం. మన ప్రభుత్వం దగ్గర మనం పనికి పోయినట్లు రాత ఉండదు. బీమా ఉండదు. సక్రమంగా పోయేవాళ్లకు 10 లక్షల బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలే.

మగవాళ్లను పంపే ఏజెంటుకు కూడా ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. సేవకు 30,000 రూపాయలు, దాని మీద పన్ను. అంతకు మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. లక్షన్నర, రెండు లక్షలు రసీదు లేకుండా తీసుకుంటున్నాడంటే అక్కడే ఆగండి.

చదువుకున్న పిల్లలకు ఇంకో గొయ్యి తవ్వారు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నారు. సింగపూర్‌లో కంప్యూటర్ పని అని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకొని, బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు చేర్చారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కున్నారు. గదుల్లో పెట్టి మన దేశం వాళ్లకే ఫోన్లు చేసి మోసం చేయమన్నారు. చేయనంటే తిండి పెట్టలేదు, కొట్టారు. 2025 మార్చిలో మయన్మార్ నుంచి ఇట్లాంటి చోట్ల చిక్కుకున్న 549 మందిని మన వైమానిక దళం విమానాల్లో వెనక్కి తెచ్చారు. అందులో మన తెలుగు పిల్లలూ ఉన్నారు.

అంటే మన ఫోనుకు "పని ఉంది" అని మెసేజి పంపే అవతలి మనిషి కూడా, ఎవరో తల్లి కన్న బిడ్డే, మోసపోయి అక్కడ చిక్కుకున్నవాడే కావచ్చు. ఇది చదివినప్పుడు మా తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

డబ్బు పోయింది, ఏం చేయాలి?

1930. ఈ అంకెలు పలక మీద రాయండి. గోడ మీద రాయండి. ఫోను వెనక కాగితం మీద రాసి అంటించండి. ఇది దేశం మొత్తానికి ఒకటే నంబరు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే చేయాలి. రేపు చూద్దాం అనుకోకూడదు. ఇంటాయన వచ్చినాక అడుగుదాం అనుకోకూడదు.

ఎందుకంత తొందర? పోయిన డబ్బు మొదట ఒక ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ఇంకో ఖాతాకు, ఇంకో ఖాతాకు పోతుంది. చివర ఎక్కడో ఏటీఎంలో తీసేస్తారు. తీయకముందే మనం చెబితే, అది ఏ ఖాతాలో ఉందో అక్కడ బ్యాంకువాళ్లు ఆపుతారు. తీసేసినాక ఆపడానికి ఏముంటుంది?

ఫోను చేసినప్పుడు కొన్ని అడుగుతారు. మీ బ్యాంకు పేరు, ఎంత పోయింది, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరి నంబరుకు. డబ్బు పోయినట్లు వచ్చిన మెసేజిలో పన్నెండు అంకెలు ఉంటాయి. అవీ చెప్పాలి. కోపంతో మెసేజిలు చెరిపేయకండి. అవే సాక్ష్యం. తరువాత బ్యాంకుకు పోయి చెప్పండి. స్టేషనుకు పోండి. "ఇది మా స్టేషను పరిధి కాదు" అని వెనక్కి పంపకూడదు. ఏ స్టేషనులో అయినా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టంలో స్పష్టంగా రాసి ఉంది.

కొన్నాళ్లకు ఇంకొకడు ఫోను చేస్తాడు. "మీ పోయిన డబ్బు తెప్పిస్తాం, 2,000 కట్టండి" అంటాడు. వాడు పోలీసు కాదు, లాయరు కాదు. మొదటివాడి తమ్ముడే అనుకోండి.

పుంగనూరు అక్క సంగతి చెబుతాను. ఆ సాయంత్రమే వసారాలో కూర్చొని 1930కి ఫోను చేశాం. మూడుసార్లు చేస్తే దొరికింది. అక్కే మాట్లాడింది. పన్నెండు అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పింది. ఒక చోట ఆరు అన్నది తొమ్మిది అని చదివి, మళ్లీ సరిచేసుకుంది. మొదటి మూడు మొత్తాలు అప్పటికే పోయాయి. ఆఖరున కట్టిన 3,850 మాత్రం ఒక ఖాతాలో ఆగింది. ఆ డబ్బు ఇంకా అక్క చేతికి రాలేదు. స్టేషనుకు రెండుసార్లు పోయి వచ్చింది. కాగితాలు నడుస్తున్నాయి అంటున్నారు. అక్క మళ్లీ పోతానంటోంది.

చదవండి, మాట్లాడుకోండి

ఈ కింద ఒక మెసేజి ఉంది. ఒకరు పైకి చదవండి. మిగతావాళ్లు వినండి.

"అమెజాన్ కంపెనీలో మదనపల్లె ఆడవాళ్లకు పని. ఇంటి నుంచే. రోజుకు 2 గంటలు. జీతం రోజుకు 2,500. ఇంకా 3 సీట్లే ఉన్నాయి. ఆధారు, పాసు పుస్తకం ఫొటో పంపండి. ల్యాప్‌టాప్ ఇస్తాం. దానికి డిపాజిట్టు 999. ఎవరికీ చెప్పకండి, మీకు మాత్రమే ఈ అవకాశం."

ఇందులో డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది? రోజుకు రెండు గంటల పనికి ఇంత జీతం మన ఊళ్లో ఎవరికైనా వస్తోందా? ఆధారు, పాసు పుస్తకం ఎందుకు అడిగారు? "ఎవరికీ చెప్పకండి" అని ఎందుకు రాశారు?

రేపటి తరగతికి మీ ఫోనులో వచ్చిన పని మెసేజి ఒకటి కాగితం మీద మీ చేతి రాతతో రాసుకొని తీసుకురండి. ఇంట్లో చదువుకునే కొడుకో, కూతురో ఉంటే వాళ్ల ఫోనులోది కూడా అడిగి రాసుకొని రండి. అందులో అనుమానం వచ్చిన మాట కింద గీత గీయండి.